దుగరాజపట్నపు రేవుపేట

నెల్లూరునుండి దక్షిణముగా గూడూరు చేరి, అచటినుండి తూర్పుదిక్కుగా కోట, వాకాడు గ్రామములమీదుగా పోయినచో, క్రమముగా వరిపొలములు వెనుకబడి, సరుగుడుతోటలును, ఇసుకదిబ్బలును, ఉప్పునీటి పఱ్ఱలును ఎదురగును. అవి దాటినపిమ్మట సముద్రపుటొడ్డున దుగరాజపట్నమను పల్లె కనబడును. పట్నమను మాట పేరులో మాత్రమే నిలిచినది. అయినను 1626 మొదలు 1640 వరకు, పదునాలుగేండ్లపాటు, ఇచ్చట ఒక రేవుపేట ఉండెను. గిడ్డంగులుండెను, బేరగాండ్రుండిరి, జావాద్వీపమునకు పోవు ఓడలు లంగరు వేసెడివి. ఇండియాలో ఇంగ్లీషు కంపెనీవారు మొట్టమొదట కోట కట్టుకొన్న చోటు ఇదియే. మదరాసు కాదు, బొంబాయి కాదు, కలకత్తా అసలే కాదు.

ఈ పల్లె 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేటి ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. అయినను దీని పూర్వచరిత్రయంతయు నెల్లూరు తీరపు చరిత్రయే గనుక ఆ పేరుననే చెప్పుకొందము.

చరిత్రకారులలో పెక్కుమంది దుగరాజపట్నమును మదరాసుకథకు పీఠికగా మాత్రమే తలంతురు. ఫ్రాన్సిస్ డే అను దొర అచటినుండి బయలుదేరి చెన్నపట్టణమును స్థాపించెనని ఒక వాక్యము వ్రాసి, తాముకూడ అతనితోపాటు దక్షిణమునకు తరలిపోవుదురు. వెనుక మిగిలిన ఊరిసంగతి అడుగువారు లేరు. ఓడలు నిశ్చింతగా నిలువదగిన నీరు గల రేవు ఏల పాడుపడెను? అలలు విఱుచుకొనిపడు బట్టబయలి తీరము ఏల మహానగరమాయెను? ఈ ప్రశ్న 1639లో పుట్టినది. 2013 తరువాత మరల పుట్టినది. రెండుమారులును వచ్చిన సమాధానము దాదాపు ఒక్కటియే యగుటచేత ఈ పల్లెకథ వేఱుగా చెప్పదగినదని నాకు తోచినది.

ముందుగా పేరుసంగతి. రేనాటి చోళుల శాసనములలో దుగరాజు అను మాట యువరాజు అను అర్థమున వచ్చును. అట్టి యువరాజెవ్వని పేరనో ఈ పట్నము వెలసియుండవచ్చును. ఇంగ్లీషువారు మాత్రము దీనిని ఆర్మగాన్ అని వ్రాసికొనిరి. తమకిచ్చట నిలువనీడ కల్పించిన ఆర్ముగ మొదలియారు అను ఊరిపెద్దపై కృతజ్ఞతచేత ఆ పేరు పెట్టిరని వాడుక కలదు. చిత్రమేమనగా, ఊరిపేరు ఒడ్డున మిగిలినది, ఊరిపెద్ద పేరు నీటిలో మిగిలినది. తీరమునకు కొన్ని మైళ్ళ దూరమున సముద్రములో మునిగియున్న పొడవైన ఇసుకతిన్నెను నావికుల పటములు నేటికిని ఆర్మగాన్ తిన్నె అనియే చూపుచున్నవి. సామంతులును, నాయకులును ఎందఱో ఈ సీమ నేలిరి. వారి పేర్లు వెదకి పట్టుకొనవలసియున్నవి. రేవున బేరము కుదిర్చిన పెద్దమనిషి పేరును మాత్రము ఓడవాండ్రందఱును ఎఱుగుదురు.

ఈ తీరమునకు వర్తకము నేర్పినవారు ఇంగ్లీషువారని భ్రమపడరాదు. దుగరాజపట్నమునకు ఉత్తరముగా ఇరువది మైళ్ళ ప్రాంతమున కృష్ణపట్నము కలదు. 13వ శతాబ్దమున దాని పేరు కొల్లితుఱై. తెలుగుచోడ ప్రభువుల బిరుదునామమునుబట్టి గండగోపాలపట్టణమనియు పిలిచెడివారు. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలసెట్టిగారలు ప్రకటించిన నెల్లూరుజిల్లా శాసనసంపుటములలో ఈ రేవు శాసనములు చేరినవి. పలుదేశముల వర్తకులు ఇచ్చట సభదీరి, రేవున ఎక్కి దిగు సరకుల విలువపై కొంత పాలును మనుమసిద్ధీశ్వరుని ఆలయమునకు ఇచ్చునట్లు తమలో తాము కట్టడి చేసికొనిరి. తిక్కన సోమయాజి కొలిచిన ప్రభువు ధరించిన పేరే ఈ దేవునికిని కలదు. భారతము తెనిగించిన కవి ఒకప్రక్క, సరకుల విలువ కట్టు సెట్టి ఒకప్రక్క, ఒకే సీమలో ఒకే శతాబ్దమున మెలగిరి.

ఇంకను ఉత్తరమున మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా లాగికొనెడివారనియు, తాను కౢప్తశుల్కము మాత్రము గైకొని తక్కినది వర్తకులకే విడిచిపెట్టుచున్నాననియు అందు చెప్పబడినది. ఆ సుంకము ముప్పదింట నొక పాలు. ఓడ పగిలి ప్రాణములతో ఒడ్డెక్కిన బేరగాడు తన మూటలు తనకు దక్కునని నమ్మగలిగిననాడు గాని మరల ఆ రేవునకు రాడు. ఈ సంగతిని ఏడు వందల యెనుబది యేండ్ల క్రిందటనే ఒక తెలుగురాజు రాతిపై చెక్కించెను. తరువాతి కాలమున శ్రీనాథునిచే హరవిలాసమును అంకితమందిన అవచి తిప్పయసెట్టి సింహళపు ఏనుగులను, హురుముంజి గుఱ్ఱములను, చీనా పట్టును దెప్పించి కొండవీటి కుమారగిరిరెడ్డికి సమకూర్చెనని కవియే చెప్పియున్నాడు. కావున 17వ శతాబ్దమున పడమటి ఓడలు వచ్చునప్పటికి, రేవు, బేరి, సుంకము, తరగు అను మాటలు మనకు పాతబడినవే.

ఇక సముద్రము మాట. మన తూర్పుతీరమున ప్రకృతిసిద్ధమైన ఓడరేవులు అరుదు. పెద్ద ఓడలు ఒడ్డునకు దూరముగా లోతునీటిలో లంగరు వేయవలెను. అచటికి సరకును మోయుటకు కొబ్బరిపీచు త్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలే దిక్కు. మేకులు కొట్టిన గట్టి పడవ అలతాకునకు పగులును, కుట్టిన పడవ వంగి లేచును. ఒక్క పెద్ద అల వచ్చెనా, పడవ తలక్రిందులై, ఏడాదిపాటు నేసి, చలువచేసి, మడతపెట్టిన గుడ్డ ఉప్పునీటి పాలగును. ఆశ్వయుజ కార్తికములలో తుపానుగాలి లేచినచో లంగరులే తెగిపోవును.

దుగరాజపట్నమున ఈ బాధ తక్కువ. పైని చెప్పిన ఆర్మగాన్ తిన్నె తీరమునకు అడ్డుగోడవలె నిలిచి, వెలుపలి అలల ఉద్ధృతిని విఱుచును. తిన్నెకును ఒడ్డునకును నడుమ నున్న నీటిలో ఓడ నెమ్మదిగా నిలువగలదు. తరువాతి ఇంగ్లీషు నావికులు ఈ జాగాకు బ్లాక్‌వుడ్ హార్బరు అని పేరుపెట్టి, తమ పటములలో గుర్తువేసికొనిరి. తీరమంతటిలో అలల తాకుడు లేని చోటు వెదకువానికి ఇంతకన్న మంచి నీరు దొరకుట కష్టము.

అయితే ఇంగ్లీషువారు ఇచ్చటికి నీటిని చూచి వచ్చినవారు కారు, తరుమబడి వచ్చినవారు. 1611లో వారు మచిలీపట్నమున వర్తకశాల పెట్టిరి. అది గోలకొండ సుల్తానుల యేలుబడి. అచటి అధికారులతో వారికి ఎడతెగని తగవులు. దక్షిణమున పులికాటులో, మనవారు ఒలందులని పిలిచిన డచ్చివారు అంతకుముందే పాదుకొనిరి. చంద్రగిరినుండి ఏలుచుండిన విజయనగర రాజవంశీయుల అనుమతితో 1610లో ప్రవేశించి, 1613 నాటికి గెల్డ్రియా అను కోటను కట్టుకొనిరి. ఐరోపాలో 1619లో ఈ రెండు కంపెనీలకును సంధి కుదిరి, ఇంగ్లీషువారుకూడ పులికాటులో చోటు సంపాదించిరి గాని, ఒక యొరలో రెండు కత్తు లిముడునా? 1621లో చేరినవారు 1623లో మూటకట్టుకొని బయటపడిరి. పోటీదారునికి దూరముగాను, సుల్తాను అధికారులకు అందకుండగను ఒక చోటు కావలసివచ్చినది. అటువంటి చోటు పులికాటునకు ఉత్తరముగా నలుబది మైళ్ళ దూరమున దొరకినది. 1626లో దుగరాజపట్నమున వర్తకశాల వెలసినది.

రెండేండ్లు తిరుగకముందే, 1628లో, మచిలీపట్నపు పీడ భరింపలేక కంపెనీవారు అచటి ఉద్యోగులనుకూడ ఇచటికే తెచ్చుకొనిరి. కొంతకాలము తూర్పుతీరమున ఇంగ్లీషు వర్తకమున కంతటికిని ఈ పల్లెయే తలకాయ. అప్పటి లెక్కలనుబట్టి కోటలో పండ్రెండు ఫిరంగులును, దొరలును సిపాయీలును కలిపి ఇరువదిమందికి పైబడిన జనమును ఉండిరి. ఇది మహాదుర్గమని ఊహించుకొనవలదు. గిడ్డంగి చుట్టును గోడ, గోడపై ఫిరంగులు, అంతియే. సాలెవాని కిచ్చిన బయానా సొమ్మును, కొన్న గుడ్డలను కాపాడుకొనుటకు కట్టిన గోడ అది. దాని వెలుపల ఏర్పడినదే అసలైన పేట.

ఆ పేటలో ఏమి జరిగెడిదో కొంచెము వివరముగా చూతము. ఇంగ్లీషువారికి కావలసినది గుడ్డ. ఆ గుడ్డ ఇంగ్లండునకు పోవుటకన్న ముఖ్యముగా జావాలోని బాంటమునకు పోవును. తూర్పుదీవులలో మిరియమును, లవంగమును అమ్మువారు వెండినాణెములకన్న మన అద్దకపు గుడ్డను ఎక్కువ ఆదరముతో గైకొనెడివారు. గుడ్డ లేనిదే మిరియము లేదు. అందుచేతనే కోరమండల తీరపు వర్తకశాలలు బాంటము పెద్దల పెత్తనము క్రింద నుండెడివి. ఓడ వచ్చినప్పుడు అంగడికి పోయి గుడ్డ కొందమన్న దొరకదు. కొన్ని నెలల ముందుగనే దుబాషీ ద్వారా స్థానికవర్తకునికి వరహాలు ముట్టజెప్పవలెను. ఆ వర్తకుడు పల్లెపల్లెకు తిరిగి సాలెలకు బయానా లిచ్చును. సాలెవాడు ఆ సొమ్ముతో నూలు కొని మగ్గమెక్కించును. నేసిన తాను చలువకు చాకలియింటికి పోవును, ఆపైన అద్దకమువాని చేతికి పోవును. ఇందరి చేతులు దాటి గిడ్డంగికి వచ్చినపిమ్మట దొర దానిని కొలిచి, నేత ఒత్తును చూచి, పనికిరాదన్నది త్రోసివేయును. త్రోసివేసిన గుడ్డయొక్క నష్టము మెట్లుమెట్లుగా దిగి, చివరకు మగ్గము గుంటలో కూర్చున్నవాని నెత్తిపై పడును.

అద్దకమునకు ఎఱుపు చిరివేరు వలన వచ్చును. ఇది సముద్రతీరపు ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క. పైకి కనబడునది స్వల్పము, భూమిలోనికి దిగిన సన్నని వేరు పొడవు. దానిని తెగకుండ త్రవ్వి తీయవలెను. గుడ్డను కరక్కాయ నీటిలోను, పాలలోను ముంచి ఆరవేసి, పటిక గీతలు గీసి, చిరివేరు కషాయములో ఉడికించినచో పటిక తగిలిన చోటులెల్ల ఎఱ్ఱనగును. ఎన్ని ఉదుకులుదికినను ఆ రంగు పోదు. పడమటి దేశముల రసాయనజ్ఞులు చాలకాలము దీని మర్మము తెలియక తికమకపడిరి. దుగరాజపట్నమునకు ఆనుకొనియున్న శ్రీహరికోట దీవి అడవులలో యానాదులు తేనెయు, కట్టెలును, మూలికలును, ఈ చిరివేరును సేకరించుటను 19వ శతాబ్దపు ప్రభుత్వోద్యోగులు కన్నులార చూచి వ్రాసిరి. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వపు స్వాధీనమగుసరికి యానాదులు ఈ అడవిసరకు నిచ్చి బదులుగా గింజలును, గుడ్డలును పుచ్చుకొనుట వాడుకగా నుండెను. దొరల ఖాతాలలో వారి పేర్లు లేవు గాని, బాంటము సంతలో మెఱసిన ఎఱుపునకు మొదలు ఇట్టి తీరముల త్రవ్వుగోలే.

ఇట్టి పేట పదునాలుగేండ్లకే ఎట్లు కూలినది? కారణములు మూడు నాలుగు చెప్పవచ్చును. 1630 ప్రాంతమున దక్కను దేశమును, ఘూర్జరమును మహాక్షామము పట్టినది. నూలు ధర, గింజల ధర పెరిగి గుడ్డ ప్రియమైనది. 1630లో కంపెనీవారు మరల మచిలీపట్నమునకు పోయిరి. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్షా, ఏటికి 500 వరహాల సుంకముపై తన రేవులలో వారు వర్తకము చేసికొనవచ్చునని ఫర్మానా ఇచ్చెను. దానిని వారు సువర్ణ ఫర్మానా అని మురిసిపోయిరి. దానితో దుగరాజపట్నపు అవసరము సగము తగ్గినది. స్థానికనాయకునితో పొత్తు కుదురలేదు. పులికాటు ఒలందులు పెట్టుబడి ఎక్కువగలవారగుటచేత మంచి నేతగాండ్ర నందఱను ముందుగనే బయానాలతో కట్టివేయుచుండిరి.

వీని కన్నిటికి మించినది ఇంకొకటి. దుగరాజపట్నపు వెనుకనున్న నేల పలుచనిది. ఒకవైపు పులికాటు సరస్సు, ఒకవైపు ఉప్పుకయ్యలు, ఇసుక. గుడ్డ నేయు ఊళ్ళు దూరము, బాటలు కష్టము. ఓడ నిలుచుటకు నీరున్నది, ఓడ నింపుటకు సరకు చాలదు.

1630 తరువాతి సంవత్సరములలో ఇచ్చటి వర్తకశాలకు పెద్దగా నుండిన ఫ్రాన్సిస్ డే ఈ సంగతి బాగుగ నెఱిగెను. 1637లో దక్షిణముగా పుదుచ్చేరివైపు పోయి మంచి తావునకై వెదకెను. 1639లో శాంతోమునకు ఉత్తరముగా మదరాసుపట్నమను పల్లె అతని కంటబడినది. అచట రేవు లేదు, నీడ లేదు. ఎడతెగని అలలు విఱిగిపడు బయలు ఒడ్డు. అయినను అచట పొడుగుగుడ్డ ఇతరచోట్లకన్న నూటికి ఇరువదివంతులు చౌకగా దొరకునని అతడు పైవారికి నచ్చజెప్పెను. డేగారి ప్రియురాలు శాంతోములో నుండుటచేతనే ఆ తావు నచ్చినదని ఆనాటివారు చెవులు కొఱికికొనిరట. ఆ మాట నిజమైనను కాకపోయినను, నూటికి ఇరువది అనునది ఏ కంపెనీకైనను చాలిన ప్రేమకథయే.

ఆ సీమ చంద్రగిరి రాజు మూడవ వేంకటపతిరాయల సామంతుడైన దామెర్ల వేంకటాద్రినాయకుని ఏలుబడిలోనిది. వారు తెలుగు ప్రభువులు. 1639 ఆగష్టు 22న నాయకుడు ఇంగ్లీషువారికి పట్టా వ్రాసియిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేర చెన్నపట్టణమైనది. 1640 ఫిబ్రవరి 20న డేయును, కోగన్ అను మఱియొక అధికారియు దుగరాజపట్నమునుండి వచ్చి మదరాసుతీరమున దిగిరి. కొలదినెలలలోనే క్రొత్తకోట గోడలు లేచినవి, దానికి సెయింటు జార్జి కోట అని పేరు పెట్టిరి. 1641లో తూర్పుతీరపు పెత్తనము మచిలీపట్నమునుండి అచటికే మారినది.

డేతో తరలివచ్చినవారిలో బేరి తిమ్మప్ప అను దుబాషియు, తుపాకిమందు చేయు నాగభట్టును ఉండిరని మదరాసు పాత పత్రములను పరిశోధించినవారు చెప్పుదురు. క్రొత్త ఊరిలో మొదటి ఏడాది తిరుగకముందే మూడు నాలుగు వందల నేతకుటుంబములు చేరినవట. సాలెకు మగ్గమే ఆస్తి, దానిని విప్పి బండిపై వేసికొన్న ఏ ఊరైనను అతని ఊరే. దుబాషీకి భాషయే ఆస్తి. ఈ ఇరువురును పోగలిగిరి. పోలేనివారు ఎవరనగా పల్లెకారులు, ఉప్పు పండించువారు, చిరివేరు త్రవ్వు యానాదులు. వారి జీవనము నీటికిని, నేలకును ముడిపడినది. ఆ రెంటిని మూటకట్టుట ఎవరితరము? కావున పేట పోయినది, పల్లె మిగిలినది.

గుడ్డకై నీటిని విడిచిన మదరాసు దానికి మూల్యము చెల్లింపకపోలేదు. రెండువందల ఏండ్లకు పైగా అచట మనుష్యులును, సరకును మసూలా పడవలలోనే అలలు దాటవలసివచ్చినది. 1876లో గాని కృత్రిమమైన రేవు పనులు సాగలేదు. కట్టిన గోడలను 1881 నాటి తుపాను పడగొట్టినది, మరల కట్టిరి. నీరు లేనిచోట డబ్బుపోసి రేవు నిర్మింపవచ్చును గాని, నేతగాండ్రు లేనిచోట గుడ్డను పుట్టించుట అంత సులువు కాదని కంపెనీవారు మొదటనే లెక్కవేసికొనిరి. లెక్క వారికి సరిపోయినది. దుగరాజపట్నమునకు మాత్రము ఆ లెక్కలో పాలు లేదు.

తరువాత రెండుశతాబ్దములు ఊరు మౌనముగ నున్నది. దానికి రెండవ ప్రాణము సముద్రమువలన గాక కాలువవలన వచ్చినది. 1806లో మదరాసునుండి ఎన్నూరువైపు త్రవ్విన ఉప్పునీటి కాలువ క్రమముగా పులికాటు సరస్సు కలుపుకొని, 19వ శతాబ్దపు నడుమకాలమున దుగరాజపట్నపు దరికి వచ్చి, ఆపైన కృష్ణపట్నముమీదుగా ఉత్తరమునకు సాగినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఘోరక్షామమున కూలికి వచ్చిన ప్రజలచేత పనిచేయించి దానిని పొడిగించిరి, 1878లో నాటి గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ అనిరి. కూటికై త్రవ్వినవారి పేరు ఏ కాలువకును పెట్టు ఆచారము లేదు గదా!

ఈ కాలువపై తెరచాపలెత్తి, గాలి లేనప్పుడు గట్టుపైనుండి త్రాళ్ళతో లాగుచు, పడవలు నడచెడివి. శ్రీహరికోట కట్టెలు, సరుగుడు మోపులు, ఉప్పు, ధాన్యము మదరాసునకు పోయెడివి. తిరుగుపడవలలో పట్నపు సరకులు వచ్చెడివి. పడవలాగు చోట, లాకుల దగ్గర, అంగళ్ళు వెలసెడివి. నూనె, పొగాకు, చింతపండు, గుడ్డపీలిక అమ్ము చిన్న కొట్లు. 1626 నాటి పేటవలె దీనికి ఫిరంగులు లేవు, విదేశపు ఓడలు లేవు, అందుచేత చరిత్రపుస్తకములలో చోటు లేదు. నా అభిప్రాయమున ఈ తీరపు ప్రజలకు ఎక్కువ కాలము అన్నము పెట్టిన సంత ఇదియే. కట్టె కొట్టినవాడును, ఉప్పు తీసినవాడును తన సరకును తానే పడవ కెక్కించి, తానే సొమ్ము చేసికొనెడి సంత ఇది.

1899లో నెల్లూరు, గూడూరులమీదుగా మదరాసునకు రైలుదారి పూర్తియగుటతో కాలువ బలము తగ్గసాగినది. 1965, 1966, 1976 సంవత్సరముల తుపానులలో గట్లు తెగి, ఇసుక మేటవేసి, పడవల రాకపోక దాదాపుగా నిలిచిపోయినది. ఈ నడుమనే ఇంకొక మార్పు జరిగినది. 1969లో శ్రీహరికోటను రాకెట్టు ప్రయోగకేంద్రమునకై ఎంచిరి. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అచటినుండి లేచినది. చిరివేరు త్రవ్విన అడవినుండి అంతరిక్షమునకు దారి యేర్పడినది. ఇది దేశమంతయు గర్వింపదగిన విషయమే. కాని ఆ అడవిలో తరతరములుగా బ్రదికిన యానాదులు వేఱుచోట్లకు మారవలసివచ్చినదనుటయు చరిత్రలోని భాగమే.

ఇక మూడవ ఘట్టము. 2013 మే నెలలో కేంద్రమంత్రివర్గము దుగరాజపట్నమున ఒక మహారేవు నిర్మింపవలెనని తీర్మానించినది. మరుసటియేడు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు 13వ అనుబంధమున, 2018 చివరకు మొదటిదశ పూర్తియగునట్లు దీనిని నిర్మింతుమని చేర్చిరి. ఆ చట్టమున ఊరిపేరు దుగ్గిరాజుపట్నమని పడినది. ఇంగ్లీషువారు ఆర్మగాన్ అన్నప్పుడు ఊరు ఊరకున్నది, ఇప్పుడు మనవారు దుగ్గిరాజుపట్నమన్నను ఊరకున్నది.

తీర్మానము చట్టమైనను రేవు లేవలేదు. పులికాటు సరస్సు పక్షుల ఆశ్రయమగుట ఒక అడ్డంకి, ప్రయోగకేంద్రము అంతదగ్గరగా నుండుట ఇంకొక అడ్డంకి. వీనికన్న పెద్దదిగా నీతి ఆయోగ్ మొదలైన సంస్థలు చూపినది, ఈ రేవు గిట్టుబాటు కాదన్న మాట. ఉత్తరమున ముప్పది కిలోమీటర్ల దూరములో కృష్ణపట్నపు రేవు 2008లో నూతనముగ ప్రారంభమై పెద్ద ఓడలను ఆకర్షించుచున్నది. దక్షిణమున ఎన్నూరును, చెన్నపట్నమును ఉన్నవి. వీని నడుమ నిలిచిన దుగరాజపట్నమునకు సరకు ఎచటినుండి రావలెను? కేంద్రమువారు వేఱుచోటు చూపుమనగా, రాష్ట్రమువారు రామాయపట్నమును చూపిరి. అచట 2019లో ఒకమారును, 2022లో మఱియొకమారును పునాదిరాళ్ళు పడినవి.

ఓడ నిలుచుటకు నీరున్నది, ఓడ నింపుటకు సరకు చాలదు. 1639లో డే వ్రాసికొన్న లెక్కయే నాలుగువందల ఏండ్లు కావచ్చిన పిమ్మట ఢిల్లీలో మరల తేలినది. అప్పుడు పులికాటు ఒలందులు చేసినపనిని ఇప్పుడు కృష్ణపట్నము చేసినది. నడుమకాలమున ఆవిరియోడ వచ్చినది, రైలు వచ్చినది, పెట్టెలలో సరకుపంపు విధానము వచ్చినది. ఊరి వెనుకటి నేలమాత్రము మారలేదు. ఒకవైపు సరస్సు, ఒకవైపు ఇసుక.

ఇప్పుడు ఇంకొక యోచన సాగుచున్నది. దుగరాజపట్నమును నౌకానిర్మాణకేంద్రముగా చేయవలెనని 2025లో ప్రతిపాదన వచ్చినది. ఇది పూర్వపు రెండు ప్రయత్నములవంటిది కాదని నేననుకొనుచున్నాను. సరకు ఎక్కించి దింపు రేవునకు వెనుక సంపన్నమైన సీమ కావలెను. ఓడలు కట్టు తావునకు నెమ్మదైన నీరును, విశాలమైన ఒడ్డును, పని నేర్చిన చేతులును కావలెను. ఇందు మొదటి రెండును ఇచటనున్నవి. మూడవదానిని ఎచ్చటనుండి తెత్తురు అనునదే ప్రశ్న. పల్లెకారులకు పడవ కట్టుట, పలక అతుకుట క్రొత్తవి కావు. వారి బిడ్డలకు ఇనుప ఓడ పని నేర్పు బడి ఒకటి ముందుగా వెలసినచో, ఈసారి పేట వచ్చినప్పుడు ఊరివారుకూడ దానిలోనివారగుదురు. నేర్పినవారు బయటినుండి వచ్చి, నేర్చినవారును బయటినుండియే వచ్చినచో, మరల ఒకనాడు అందఱును మూటకట్టుకొని పోవుదురు.

మఱియొకటికూడ ఆ కాగితములలో చేరవలసియున్నది. పులికాటు సరస్సునకు ఉత్తరపుభాగమున సముద్రపునీరు వచ్చిపోవు ముఖద్వారములు ఇసుకతో పూడుచుండుటచేత చేపయు, రొయ్యయు తగ్గుచున్నవని పల్లెకారులు చిరకాలముగ మొఱపెట్టుకొనుచున్నారు. సరస్సులోనికి పోటునీరు రాకున్న ఉప్పు హెచ్చి, మొదట చేప, తరువాత పక్షి, ఆపైన మనుష్యుడు వలసపోవును. ఎన్ని వేల ఎకరములు కావలెను, ఎంత లోతు త్రవ్వవలెను అని వ్రాసికొను పట్టికలో, ఈ ముఖద్వారముల పూడికతీతకును, వలపడవలు నిలుపుకొను చోటునకును ఒక్కొక్క వరుస కేటాయించుట అసాధ్యమైన పని కాదు.

ప్రొద్దుగ్రుంకినపిమ్మట ఈ తీరమున ఆర్మగాన్ దీపస్తంభము వెలుగును. దూరమున పోవు ఓడలు ఆ వెలుగు చూచి తిన్నెను తప్పించుకొని, చెన్నపట్నమువైపో కృష్ణపట్నమువైపో సాగిపోవును. తిన్నెకు లోపలివైపు నీటిలో పల్లెవారి పడవలు వల వేయుచుండును.